కాబోయే బావ మీద నిఘా

ఆ రోజుల్లో ఒక మనిషి మంచివాడా కాదా అని తేల్చడం నాకు చాలా తేలికైన పనిగా ఉండేది. తెల్లవారుజామున లేస్తే మంచివాడు, లేవకపోతే కాడు. నేను ఎండెక్కే దాకా లేచేవాణ్ణి కాదు గానీ, ఆ సూత్రం నాకు వర్తించదని గట్టి నమ్మకం. మాది జగ్గయ్యపేట, అప్పటికింకా కృష్ణా జిల్లాలోనే ఉండేది. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను డిగ్రీ చదువుతూ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్‌గా నిలబడేవాణ్ణి. జట్టులో అందరూ నన్ను ‘గేటు’ అని పిలిచేవారు. (ఎదుటి జట్టుకు ఎప్పుడూ తెరిచే ఉంటానని.) అంతటి క్రీడాకారుణ్ణి కాబట్టే, అక్క పెళ్లి సంబంధం విషయంలో మా ఇంట్లో నా మాటకు మొదటిసారి విలువ వచ్చింది.

సంబంధం తెచ్చింది మా చర్చి పాస్టరుగారు. అబ్బాయిది నందిగామ. తండ్రి లేడు, తల్లి అంగన్‌వాడీ టీచరు. అబ్బాయి కేరళలో ఒక క్లబ్బుకు జీతం మీద ఫుట్‌బాల్ ఆడతాడు. ఈ ముక్క చెవిన పడగానే నాన్న టీ గ్లాసు కింద పెట్టేసి, ఆడటం సరే, మరి ఉద్యోగం ఏమిటని అడిగారు. ఆడటమే ఉద్యోగమని పాస్టరుగారు ఓపిగ్గా వివరించి, ఇంకో కప్పు టీ కూడా తాగి వెళ్లిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగీ తిరగక ముందే నాన్న లెక్క మొదలుపెట్టారు. “మ్యాచి గంటన్నర. అదీ వారానికొకటి. నేను రోజంతా బోర్డు ముందు నిలబడి అరుస్తా. వారానికి గంటన్నర పనిచేసేవాడు మిగతా టైమంతా ఏం చేస్తాడ్రా?” ఫుట్‌బాల్ ఆటగాళ్ల గురించి నాన్నకు తెలిసిందంతా పేపరు ఆఖరి పేజీలోనిదే. రంగురంగుల జుట్లు, పొడుగాటి కార్లు, పార్టీలు. వాళ్లకు తల మీద ఉన్న శ్రద్ధ కాళ్ల మీద ఉండదని, డబ్బు రాగానే ఒళ్లు వంచడం మానేస్తారని ఆయన అభిప్రాయం. ఆ వయసులో నాది కూడా అదే అభిప్రాయం. (నా జుట్టుకు అప్పట్లో నేను వేసిన రంగు గురించి ఇక్కడ రాయను.)

అక్క ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. అంతకుముందు వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక పెట్టిన మనిషి, ఈ అబ్బాయితో చర్చి వరండాలో కాసేపు మాట్లాడి వచ్చాక మాత్రం ఏమీ అనకుండా జడ అల్లుకుంటూ కూర్చుంది. అమ్మకు ఆ మౌనం చాలు. నాన్నకు చాలలేదు. మే నెల కావడంతో అబ్బాయికి ఆటలు లేవు, నందిగామలో ఇంటి దగ్గరే ఉన్నాడు. మా పిన్నివాళ్లదీ నందిగామే. నన్ను అక్కడికి పంపించి, మావాడికి నాలుగు మెలకువలు నేర్పమని ఆ అబ్బాయికి కబురు పెట్టారు. అది పైకి చెప్పిన మాట. అసలు పని ఆ అబ్బాయి ఎప్పుడు లేస్తాడో, ఏం తింటాడో, ఎవరితో తిరుగుతాడో కనిపెట్టి, రోజూ సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి చెప్పడం.

మొదటి రోజు చీకటితోనే మునేరు ఇసుకలోకి రమ్మన్నాడు. ఎండాకాలం కదా, ఏట్లో నీళ్లు ఒక పక్కగా సన్నగా పారుతున్నాయి, మిగతాదంతా ఇసుకే. సన్నగా, నల్లగా, మామూలు క్రాఫుతో ఉన్న మనిషి ఒంటరిగా పరిగెత్తుతున్నాడు. జుట్టు చూసి కాస్త నిరాశపడ్డాను. అన్నా అనాలో, అప్పుడే బావా అనెయ్యొచ్చో తేల్చుకోలేక, కంగారులో “ఏవండీ” అని పిలిచాను. (మా పిన్ని ఇప్పటికీ ఈ మాట తలుచుకుని నవ్వుతుంది.) ఆయన మాత్రం నవ్వలేదు. “రా తమ్ముడూ, మెల్లగానే పరిగెడదాం” అన్నాడు. ఆయన మెల్లగా అన్నది నా జీవితంలో అత్యంత వేగం. ఇసుకలో వేసిన కాలు వేసినట్టే కూరుకుపోతోంది, ఊపిరి ఎటు పోతోందో తెలియడం లేదు. అవతలి గట్టున ఉన్న తుమ్మచెట్టు ఎంతకీ దగ్గరికి రాదు. చివరికి పొద్దున తాగి వచ్చిన పాలు మునేరుకే సమర్పించి వెల్లకిలా పడుకున్నాను. ఆయన నా పక్కన కూర్చుని, నా కాళ్లు పైకెత్తి పట్టుకుని, మొదటిసారి అందరికీ ఇలాగే అవుతుందని ఓదార్చాడు. కొత్తగా క్లబ్బులో చేరినప్పుడు తనూ ఇలాగే కక్కుకున్నానని చెప్పాడు. తర్వాత తెలిసింది, అది అబద్ధమట.

ఇక రోజూ అదే వరస. పొద్దున ఇసుక, తర్వాత కాలేజీ గ్రౌండులో గోడకేసి బంతి తన్నడం. కుడికాలు బాగుంది కదా అంటే, బాగున్న కాలితో పనేముంది, బాగాలేనిది ఎడమకాలేగా అని దాంతోనే తన్నేవాడు. మధ్యాహ్నం నిద్ర కూడా ఆయనకు పనే. సాయంత్రం బకెట్టులో ఐసు వేసుకుని, అందులో కాళ్లు పెట్టుకుని, పళ్లు బిగించి కూర్చునేవాడు. తిండి చూస్తే ఉడకబెట్టిన గుడ్లు, జొన్నరొట్టె, పప్పు, కాస్తంత పెరుగన్నం. కొడుకు తినడని బిర్యానీ వండటమే మానేశానని వాళ్లమ్మ, అంటే మా నందిగామ అత్తయ్య, నా దగ్గర కళ్లొత్తుకుంది. రాత్రి వార్తలు మొదలవక ముందే నిద్ర. స్నేహితులు సినిమాకు పిలిస్తే, మార్నింగ్ షోకైతే వస్తానని చెప్పేవాడు. వాళ్లు పిలవడం మానేశారు.

ఇదంతా నాన్నకు ఫోన్లో చెబుతుంటే మొదట్లో ఊ కొట్టేవారు. మెల్లగా ఆ ఊ కొట్టడంలో బెంగ కనిపించడం మొదలైంది. ఒక సాయంత్రం గొంతు తగ్గించి, “ఇదేంట్రా, మరీ ఇంత నియమమా? రేపు మన పిల్లను కూడా జొన్నరొట్టె తిని పెందలాడే పడుకోమంటే?” అన్నారు. క్రమశిక్షణ లేదేమోనని భయపడిన మనిషి, ఇప్పుడు ఎక్కువైందేమోనని భయపడుతున్నారు. నాన్న పెట్టిన పరీక్షలో కుర్రాడు నూటికి నూరు తెచ్చుకుని ఫెయిలయ్యేలా ఉన్నాడు. సంబంధం వద్దనడానికి నేనే అన్నీ అందిస్తున్నానేమోనని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

మర్నాడు నేను వెళ్లేసరికి అత్తయ్య కొత్త ఆవకాయ కలుపుతోంది. ఇల్లంతా ఆవపిండి ఘాటు. ముక్కలన్నీ జాడీలోకి ఎత్తాక, పళ్లేనికి అంటుకున్న కారంలో వేడి వేడి అన్నం వేసి, నెయ్యి పోసి కలిపి నాకొక ముద్ద చేతిలో పెట్టింది. పక్క గదిలో నిద్రపోతున్నాడనుకున్న మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల్లి ఏమీ అనకుండా ఒక ముద్ద పైకెత్తి చూపింది. వచ్చి ఆమె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక ముద్ద అయింది. ఇంకోటి. ముక్కు ఎర్రబడింది, కళ్లలో నీళ్లు. అయినా నోరు తెరుస్తూనే ఉన్నాడు. పళ్లెం ఖాళీ అయ్యాక దాన్ని వేలితో తుడిచి నాకి, అప్పుడు నా వైపు చూశాడు.

“సాయంత్రం ఇది కూడా చెప్తావా మీ నాన్నకి?” అన్నాడు.

నాకు ముద్ద గొంతులో అడ్డం పడింది. అత్తయ్య నీళ్లిస్తూ, నువ్వెందుకొచ్చావో మాకు మొదటిరోజే తెలుసులే నాయనా, ఆడపిల్ల తండ్రి ఆ మాత్రం చూసుకోడా అంది. ఆయన నా వీపు నిమురుతూ, ఉన్నదున్నట్టే చెప్పమన్నాడు. చెప్పాను. సాయంత్రం ఫోన్లో నాన్నకు, ఒక్క ముద్ద కూడా వదలకుండా.

“నెయ్యి వేసుకున్నాడా?” అని అడిగారు.

“బాగా వేసుకున్నారు నాన్నా.”

“సరే, ఆదివారం భోజనానికి రమ్మను” అన్నారు. ఆ గొంతులో అంత హాయి నేను ఎన్నడూ వినలేదు.

ఇంతలో అక్క ఫోన్ లాక్కుంది. తను ఒక్కటే అడగమంది, ఓడిపోయిన రోజు ఏం చేస్తాడని. తెల్లారి ఏటి గట్టున బూట్లు విప్పుకుంటుంటే అడిగాను. ఆయన ఇసుక దులుపుకుంటూ చెప్పాడు.

“ఎవరితోనూ మాట్లాడను తమ్ముడూ. బూట్లు కడుక్కుంటా. తర్వాత అమ్మకి ఫోన్ చేస్తా. అమ్మ స్కోరు అడగదు, తిన్నావా అంటుంది. అప్పుడు ఏడుపొచ్చేస్తుంది. ఏడ్చేసి పడుకుంటా. పొద్దున్నే మళ్లీ గ్రౌండుకి పోవాలిగా.”

జగ్గయ్యపేట వెళ్లి ఈ మాటలు అక్కకు అప్పజెప్పాను. మేడ మీద బట్టలు ఆరేస్తోంది. ఏడుస్తానని తనే చెప్పారా, నువ్వు కలిపావా అని అడిగింది. తనే చెప్పారన్నాను. చేతిలోని తడిబట్ట దులిపి తీగ మీద వేసి, “అయితే నాన్నకి చెప్పు, నాకిష్టమేనని” అంది.

ఆ ఏడే పెళ్లయింది. బావ మోకాలు సహకరించినంత కాలం ఆడాడు. పెద్ద పేరేమీ రాలేదు, చాలా మ్యాచులు బెంచీ మీదే గడిచిపోయాయి. అయినా ఏ రోజూ సాధన మానలేదని అక్క చెబుతుంది. ఇప్పుడు విజయవాడలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. నాన్న రిటైరై, టీవీ ముందు కూర్చుని, ఎవడైనా పరుగు తగ్గిస్తే వాడికి ఇంట్లో ఏం కష్టం వచ్చిందో పాపం అని బాధపడుతున్నారు.

నేను నందిగామలోనే ఒక ఆఫీసులో గుమాస్తాను. బొజ్జ వచ్చింది, డాక్టరు నడవమన్నారు. పొద్దున్నే గ్రౌండుకి వెళితే హాస్టలు అమ్మాయిలు వెనకనుంచి దూసుకొస్తూ, “అంకుల్, కొంచెం పక్కకండీ” అంటారు. పక్కకు జరిగి, వాళ్లు పోయిన వైపే చూస్తూ నిలబడతాను. ఇంకొకరి క్రమశిక్షణ కొలవడానికి సంచి భుజానేసుకుని బస్సు దిగిన ఆ రంగుజుట్టు కుర్రాడు గుర్తొస్తాడు. వాడి మీద కోపం రాదు, నవ్వే వస్తుంది. ఎదురుపడితే ఏమీ చెప్పను, మెడ మీద చెయ్యి వేసి నాతో పాటు ఒక రౌండు నడిపిస్తాను. ఈసారి మాత్రం నిజంగా మెల్లగానే.