తొణకని బండి

నాసర్ భాయ్ ఈ లోకంలో సహించలేనిది ఒక్కటే: కుదుపు. అబద్ధాలాడేవాళ్లను క్షమించేవాడు. పిలవని పెళ్లికి వచ్చి మూడుసార్లు బిర్యానీ వడ్డించుకునేవాళ్లను సైతం క్షమించేవాడు. నిండుగా ఉన్నదాన్ని తొణికించినవాణ్ణి మాత్రం వదిలేవాడు కాదు.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో సర్వర్ ఒకసారి చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాలుగు చుక్కలు సాసర్లో పడ్డాయి.

"ఏందిది?" అన్నాడు నాసర్ భాయ్.

"చాయ్, సాబ్."

"చాయ్ కప్పుల ఉంటది. సాసర్ల ఉన్నదాన్ని ఏమంటరు?"

సర్వర్ తెలివైనవాడు. మర్నాటి నుంచి నాసర్ భాయ్ గుమ్మంలో కనబడగానే సగం కప్పే పోసి తెచ్చేవాడు. అదీ నడవలేదు. "సగం కప్పు తొణకకుంటే అందుల నీ గొప్పేంది?" అని వెనక్కి పంపించాడు.

తన పెళ్లి ఊరేగింపులో గుర్రం ఎగిరెగిరి నడుస్తోందని నడిబజారులో దిగిపోయాడు. పూలదండలు వేసుకున్న గుర్రం ముందు, ఆయన వెనక. పెళ్లికొడుకు ఎవరని అడిగినవాళ్లకు జనం గుర్రాన్ని చూపించారట.

ఇంత నియమం ఉన్న మనిషి చేసిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, యుద్ధం రోజుల్లో తిరుమలగిరి మిలిటరీ లారీకి డ్రైవరు.

నా పేరు బ్రహ్మచారి. పెళ్లయింది, ముగ్గురు పిల్లలు. పేరు విని నవ్వాలనుకునేవాళ్లు ఇక్కడే నవ్వేస్తే ముందుకు పోవచ్చు. బన్సీలాల్‌పేటలో, మెట్లబావికి నాలుగిళ్ల అవతల నాకు వడ్రంగి కొట్టు ఉండేది. 1949 జనవరిలో ఒక ఉదయం తలుపుకు చిత్రిక పడుతుంటే వీధిలో పిల్లల కేకలు వినిపించాయి. బయటికొచ్చి చూస్తే ఒక లారీ. పైకప్పు లేదు, గోడల్లేవు, సీటు లేదు. ఇంజను, నాలుగు చక్రాలు, రెండు ఇనుప దూలాలు, స్టీరింగు. బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని నాసర్ భాయ్ దాన్ని నడుపుకొస్తున్నాడు. ఎంత నెమ్మదిగా అంటే, వెనకున్న ఎడ్లబండివాడు విసుగెత్తి దాటిపోయాడు.

ఆ రోజుల్లో కొత్త బండి అట్లాగే వచ్చేది. ఒళ్లు మనం కట్టించుకోవాలి.

"చారీ, దీనికి బాడీ కట్టాలె," అన్నాడు. "అర్జెంట్ సామాన్ బండి. పొద్దున ఎక్కిస్తే పగటీలికి వరంగల్ల దిగాలె."

ఆలోచన మంచిదే. పోలీస్ యాక్షన్ జరిగి నాలుగు నెలలైంది. రైళ్లు మళ్లీ నడుస్తున్నాయిగానీ, గూడ్సులో వేసిన పెట్టె ఎప్పుడు చేరుతుందో గార్డుకే తెలియదు. జిల్లాల్లో మందుల దుకాణాలు ఖాళీగా ఉన్నాయి. జేమ్స్ స్ట్రీట్‌లో మందుల గోదాం ఉన్న జకర్యా సేఠ్, వేగంగా పోయే బండి ఉంటే ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. షరతు ఒకటే: ఫిబ్రవరి ఒకటిన పది గంటలకల్లా బండి సిద్ధంగా ఉండాలి. లేకపోతే పని ఇంకో లారీవాడికి పోతుంది.

టేకు పలకలు కోసి పని మొదలుపెట్టాను. సీసాల పెట్టెలకు రెండు పక్కలా గూళ్లు, గూళ్లకు లోపల కంబళి గుడ్డ, త్వరగా దించుకోవడానికి వెనకొక తలుపు, పక్కన ఇంకొకటి. అంతవరకు సవ్యంగానే ఉంది. తర్వాత ఆయన కోరికలు మొదలయ్యాయి.

"నడుమ ఆరడుగుల పొడుగు ఖాళీ ఉంచు."

"ఎందుకు?"

"పొడుగు సామాన్ వస్తది."

"డ్రైవర్ వెనక గోడకు కిటికీ పెట్టమంటివి. అదెందుకు?"

"సామాన్‌తోటి మాట్లాడనీకె."

ఇక అడగడం మానేశాను.

పది రోజుల్లో బాడీ లేచింది. నాసర్ భాయ్ ఒక గాజుగ్లాసులో అంచుదాకా నీళ్లు పోసి తెచ్చి బండి నేల మీద పెట్టాడు. నన్ను దాని పక్కన కూర్చోబెట్టాడు.

"గ్లాసును చూస్తుండు. పట్టుకోకు."

"మరి నన్నెవరు పట్టుకుంటరు?"

"నిన్నెందుకు? నువ్వు తొణుకుతవా?"

బండి కదిలింది. సందు మలుపులో నేను కట్టిన గూడే నా నుదుటికి తగిలింది. బండి ఆగింది. కిటికీలోంచి ముఖం పెట్టి, "ఎంత పోయింది?" అన్నాడు.

"నెత్తి బొప్పి కట్టింది, భాయ్."

"నీళ్ల సంగతి అడుగుతున్న."

సగం పోయాయి. ఆయన ముఖంలో రక్తం కూడా అంతే పోయింది. ఆ సాయంత్రమే చక్రాల పైనుండి కుదుపును ఓర్చుకునే కమాన్ స్ప్రింగు కట్టలు విప్పించి, గట్టిగా ఉన్నాయని రెండేసి పట్టీలు తీయించాడు. బరువు పెడితే బండి కుంగి కూర్చుంది. మళ్లీ ఒక్కో పట్టీ పెట్టించాడు. టైర్లలో గాలి తగ్గించాడు. నేను బిగించిన నేలంతా ఊడదీయించి, రెండు వరసల పలకలు వేయించి, మధ్యలో కొబ్బరి పీచు, పాత సైకిల్ ట్యూబుల ముక్కలు పరిపించాడు. బన్సీలాల్‌పేటలోని సైకిల్ షాపుల్లో పాత ట్యూబన్నది మిగల్లేదు. పంక్చర్‌కు అతుకు ముక్క కావాలంటే జనం వడ్రంగి కొట్టుకు రావడం మొదలుపెట్టారు.

నాలుగో పరీక్షకు గ్లాసు మోండా మార్కెట్ దాకా నిలిచింది. ఆరోదానికి చిలకలగూడ. ఎనిమిదోదానికి మెట్టుగూడ. నా ఒంటి మీద బొప్పులు కూడా అదే లెక్కన పెరిగాయి. "ఏమైంది?" అని అడగడం మానేసి మా ఆవిడ "ఈపూట ఎక్కడ?" అని అడిగి పసుపు నూరేది.

జకర్యా సేఠ్ రోజూ వచ్చి చూసి పళ్లు నూరేవాడు. "నాసర్ మియా! జనానికి మందులు కావాలె. బండికి పట్టుపరుపు ఎందుకు?"

"ఇంక కుదుపుతున్నది, సేఠ్."

"సీసాలు పలగకుంటే సాలు!"

"సీసాలకు సాలు," అనేవాడు నాసర్ భాయ్, మళ్లీ బండి కిందికి దూరుతూ.

ఫిబ్రవరి ఒకటి వచ్చింది. పొద్దున ఏడింటికే నాసర్ భాయ్ నా కొట్టు ముందు హారన్ కొట్టాడు. "ఎక్కు చారీ. ఆఖరి పరీక్ష. మౌలాలికి పోతున్నం."

"గ్లాసేది?"

"ఇయ్యాల గ్లాసు కాదు."

మౌలాలి రైల్వే క్వార్టర్ల ముందు బండి ఆపాడు. అక్కడికి వెనక గల్లీలోనే ఆయన ఇల్లు. ఒక క్వార్టర్లోంచి పాతికేళ్ల ఆవిడ చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. పేరు రోసమ్మ. భర్త రైలింజన్లో బొగ్గేసే ఫైర్‌మన్. నాసర్ భాయ్ నడిమి ఖాళీలో బొంత పరిచాడు.

"పండుకో చెల్లె. పిల్లను పక్కల ఏసుకో. ఎక్కడ కుదిపినా చెప్పు. మొహమాటం వద్దు."

సరుకుల బండికి బాలింత పరీక్ష పెట్టడం నేనెక్కడా వినలేదు. బండి కదిలాక మెల్లగా అడిగాను, ఇదేమిటమ్మా అని.

"అన్న మీకు చెప్పలేదా?" అంది రోసమ్మ. "పోలీస్ యాక్షన్ అయితుంటెనే నాకు నొప్పులు షురూ అయినయి. మా ఆయన రైలుతోటి కాజీపేటల చిక్కుకపోయిండు. టాంగా లేదు, రిక్షా లేదు. ఒక్కరు తలుపు తీస్తలేరు. అన్న ఇంటామె ఖుర్షీదా వదిన పోయి చెప్తే, అన్న కూరగాయల తోపుడుబండి తెచ్చి, నన్ను పండవెట్టి, ఆస్పత్రి దాక తోసిండు."

"అంత దూరమా?"

"అంత దూరం. గుంత గుంతకు బండి ఆపి 'మాఫ్ చెయ్యి చెల్లె' అనేది. నేను నొప్పి ఓర్వలేక తిట్టిన. సచ్చినోడా అన్న. ఇంక ఏమేమో అన్న. అన్నిటికీ 'అవును చెల్లె' అనుకుంట తోసిండు. చౌరస్తల ఫౌజోళ్లు ఆపి, ఏం సామాను అని అడిగిర్రు."

"ఏమన్నాడు?"

"అర్జెంట్ అన్నడు."

కిటికీలోంచి అరుపు వచ్చింది. "ఏం ముచ్చట్లు గాడ? కుదుపు చూడుండ్రి!"

రోసమ్మ గొంతు తగ్గించింది. "నన్ను దింపినంక ఆస్పత్రి మెట్ల మీద కూసొని, ఇగ ఎవర్నీ గిట్ల తీస్కరాను అన్నడంట. గప్పటి సంది గీ బండి గురించే."

నుదుటి మీది బొప్పిని తడుముకున్నాను. పదిరోజులుగా నేను నీళ్లకు కాపలా కాస్తున్నాననుకున్నాను. ఎందుకో ఆ నొప్పి కొంచెం తగ్గినట్టనిపించింది.

పదింటికి పావుగంట ముందు బన్సీలాల్‌పేట చేరాం. జకర్యా సేఠ్ మందుల పెట్టెలతో కొట్టు ముందే నిలబడి ఉన్నాడు. నాసర్ భాయ్ ఆయన వైపు చూడనైనా లేదు. నేరుగా వెనక తలుపు తీశాడు.

"చెప్పు చెల్లె."

"లాలాగూడ గేటు దగ్గర జెర..."

ఆయన ముఖం వాడిపోయింది. "జెర అంటే ఎంత?"

"ఉయ్యాల ఊపినంత."

కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఉయ్యాలంత అయితే నడుస్తది," అని తీర్పు చెప్పి, ఆ తర్వాత సేఠ్‌కు సలాం చేశాడు.

పెట్టెలు ఎక్కించాం. గూళ్లు నిండాయి. జకర్యా సేఠ్ నడిమి ఖాళీని చూశాడు. "గీడ ఇంక నలభై పెట్టెలు పడతయి."

"పడయి."

"కొలిచి చూపిస్తా!"

"కొలత నాకెరుక. అది మనిషి పండుకునే జాగ. తొవ్వల ఎవరికన్న తక్లీఫ్ అయితే ఎక్కించుకుంట. ముందు ఆస్పత్రి. ఆ తర్వాతనే నీ పెట్టెలు."

"నాది అర్జెంట్ సామాన్, మియా!"

"మనిషికన్ననా?"

"నేను ఒప్పుకోకుంటే?"

"అయితే దించుకుందాం," అన్నాడు నాసర్ భాయ్. ఏడాది పొడుగు పని చేజారిపోతోంది. ఆయన మాత్రం చొక్కా చేతులు మడిచి, మొదటి పెట్టె అందుకున్నాడు. నిద్రపోతున్నదాన్ని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని, గుండెకు ఆనించుకుని, మెల్లగా వంగి నేల మీద ఉంచాడు. లోపల ఒక్క సీసా చప్పుడు కాలేదు. రెండో పెట్టె. మూడోది. కోపంతో దించుతున్నవాడు ఇంత మెత్తగా దించగలడా అని నాకే ఆశ్చర్యమేసింది.

జకర్యా సేఠ్ కూడా అదే చూస్తున్నాడు. లారీవాళ్లు పెట్టెలు విసిరితే సీసాలు పగిలి మందు కారడం ఆయన ఎన్నిసార్లు చూశాడో! నాలుగో పెట్టె మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఉండనియ్యి, మియా. ఆ జాగ ఉండనియ్యి."

దించిన మూడు పెట్టెలు మళ్లీ ఎక్కించేలోపు పాప లేచింది. బండి నడిచినంతసేపూ గాఢంగా నిద్రపోయిన పిల్ల, ఆగిందని తెలిసి గుక్కపట్టింది. రోసమ్మ జోకొట్టింది. నేను ఉలి చప్పుడు చేశాను. లాభం లేదు. నాసర్ భాయ్ వెళ్లి ఇంజన్ వేశాడు. పాప ఊరుకుంది. ఆపాడు. మళ్లీ మొదలు.

"ఎక్కుండ్రి. మౌలాలిల దింపి పోతం," అన్నాడు.

"మియా! వరంగల్!" అన్నాడు జకర్యా సేఠ్.

"మౌలాలి మీదికెల్లి పోతం."

"మౌలాలి మీదికెల్లి వరంగల్ ఎవడు పోతడు?"

"నేను పోత."

తన పెట్టెలను ఆ మనిషికి వదిలిపెట్టి ఉండలేక సేఠ్ కూడా బండెక్కాడు. రోసమ్మ కింద నిలబడి, ఎక్కడానికి చేతులు ఖాళీ లేవని, పాపను ఆయన ఒళ్లో పెట్టింది. తర్వాత బొంత సర్దుకుంది, కొంగు సర్దుకుంది, పాపను తీసుకోవడం మాత్రం మర్చిపోయింది. బండి కదిలింది. నేను తలుపు గొళ్లెం సరిగ్గా పడిందో లేదోనని వెంట నాలుగడుగులు వేశాను.

మలుపు దగ్గర పక్క తలుపు సందులోంచి జకర్యా సేఠ్ కనిపించాడు. ఆయన ఒళ్లో పాప కళ్లు మూసుకుని ఉంది. సేఠ్ కదలకుండా బిగుసుకుని కూర్చుని, మెడ మాత్రం కిటికీ వైపు చాచి, గుసగుసగా డ్రైవరును తిడుతున్నాడు:

"మెల్లగ, మియా! ఏం తొందరొచ్చింది? మెల్లగ తోలు!"