కారును దాచే చెట్లు

ఈ వారమంతా అల్ వక్రాలో, మా కంపెనీ తోటపని చూసే విల్లాల కాంపౌండులో, ప్రహరీ వెంబడి దడిలా పెరిగిన కోనోకార్పస్ చెట్లను కొట్టించే డ్యూటీ నాకు పడింది. వాటి వేర్లు నీళ్ళ పైపుల్లోకి చొరబడుతున్నాయట, అందుకని ఒకప్పుడు ముద్దుగా పెంచుకున్న ఆ చెట్లే ఇప్పుడు ఎవరికీ అక్కర్లేనివయ్యాయి. రంపపు మిషన్లు పట్టుకున్న నేపాలీ పనివాళ్ళకు చెట్టంటే ఇంత కట్టె, ఇంత ఆకు. నేను మాత్రం నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నొప్పులు పుడుతున్న మోకాళ్ళు రాసుకుంటూ, కూలుతున్న ఒక్కో చెట్టు ఎత్తునూ కళ్ళతోనే కొలుస్తూ కూర్చున్నాను. ఇది కారును దాచేదా, దాచనిదా? చెట్టును చూస్తే నాకు ముందుగా వచ్చే ఆలోచన అదే. గల్ఫులో జుట్టు నెరిసిన నా ఈడువాళ్ళు ఈ మాట విని నవ్వుకుంటారేమో గాని, మా బావా నేనూ ఒకప్పుడు అల్ షహానియా అవతల ఒక ఫారంలో అచ్చంగా ఆ కొలతను నమ్ముకునే బతికాం.

బావ అంటే మా చెల్లె భర్త. ఇద్దరివీ జగిత్యాల వైపు పక్కపక్క ఊళ్ళు. ఇద్దరం బిల్డింగు పనికని వచ్చి, ఆ సైటు మూతపడ్డాక, తెలిసినవాళ్ళను పట్టుకుని ఫారం పనిలో చేరాం. ఊళ్ళో వాళ్ళకు మాత్రం మేము ఎక్కడున్నా దుబాయ్‌లోనే ఉన్నట్టు. ఒకసారి మా పెదనాయిన, దుబాయ్‌లో వానలు పడుతున్నాయని టీవీలో చూసి, మీ చెట్లకు ఇక నీళ్ళు పోయనక్కర్లేదు కదరా అని ఫోన్ చేసి మరీ అన్నాడు. మేమున్న దేశం వేరని చెప్పి చెప్పి అలిసిపోయి, అవును పెదనాయినా, బాగా పడుతున్నాయి అని ఊరుకున్నాను.

ఆ ఫారం యజమానిని మేము అర్బాబ్ అనేవాళ్ళం. మనిషి చెడ్డవాడు కాడు, ఈ మాట ముందే చెప్పాలి. ఎకరాలకు ఎకరాలు తీగల కంచె వేయించి, అందులో జింకలను పెంచేవాడు. చలికాలంలో స్నేహితులను పిలుచుకుని, తన కంచెలో తాను పెంచుకున్న జింకలనే వేటాడటం అతని సరదా. కాని ఆ నేల అరచేయిలా చదునుగా ఉండేది. గేటు తెరుచుకోగానే మైలు దూరం నుంచే జింకలకు కారు కనిపించేది. కనిపించిందే తడవుగా అవి ఒక్క పెట్టున అవతలి కొసకు పరుగెత్తి, కంచె తీగలకు గుద్దుకుని మెడలు విరుచుకునేవి. అలా చచ్చినదాన్ని వాళ్ళు తినరు. వేటా లేక, కూరా లేక, వచ్చిన అతిథుల ముందు అర్బాబ్‌కు తల కొట్టేసినట్టయ్యేది. ఏదో దేశంలో వేట ఫారాలు చూసొచ్చిన అతని మిత్రుడొకడు ఉపాయం చెప్పాడట. గేటు నుంచి లోపలి దాకా బాట వెంబడి దట్టంగా చెట్ల వరుస పెట్టు, కారు వచ్చేదీ పోయేదీ జింకకు తెలియదు; మధ్యలో అడ్డంగా ఇంకో రెండు వరుసలు పెట్టు, నేల గదులు గదులుగా విడిపోయి జంతువు బెదురు మాని ఉన్నచోటే ఉంటుంది, నువ్వు ఆకుల చాటున కూర్చోవచ్చు అని. ఆ చాటు పెంచడానికే మమ్మల్ని పెట్టుకున్నారు.

పెంచడమంటే మాటలు కాదు. మొదటి విడత మొక్కలను మన మిరప నారు నాటినట్టు ఒకే వరుసలో తిన్నగా నాటాం. ఉత్తరం నుంచి వచ్చే షమాల్ గాలి ఒక్క పూటలో వాటిని నేలకు పడుకోబెట్టింది. ఆ తర్వాత రెండు వరుసలుగా, ముందు వరుస సందుల్లోకి వెనక వరుస వచ్చేటట్టు నాటి, గాలి కొట్టే వైపు ఖర్జూరపు మట్టలు పాతాం. అల్ షహానియాలో ఒంటెల కొట్టాల దగ్గర సూడాన్ మనుషులను బతిమాలి పికప్ నిండా ఎరువు తెచ్చేవాళ్ళం. బయటి వరుసకు కోనోకార్పస్, జింకలుండే వైపు సిద్ర. సిద్ర అంటే మన రేగుచెట్టే. దాన్ని మొదటిసారి చూసిన రోజు బావ ఆకు తుంచి వాసన చూసి, ఇంత దూరం ఎట్లొచ్చినవే అని దానితో మాట్లాడాడు. బోరు నీళ్ళు ఉప్పన కాబట్టి మంచినీళ్ళ ట్యాంకరు రావాలి. అది వచ్చిన పూట మనుషులం స్నానం మానుకుని అయినా మొక్కలకు పట్టేవాళ్ళం.

మేమిద్దరం చిన్నప్పుడు మక్కచేను మంచె మీద కూర్చుని, జింకలూ పందులూ రాకుండా కేకలు వేసి తరిమినవాళ్ళం. జింకను చూస్తే మాకు చేతిలో వడిసెల లేని లోటు తెలిసేది. అలాంటివాళ్ళం జింక నిలవడానికి చెట్లు పెట్టడమేమిటని మొదట్లో మాకే నవ్వొచ్చేది. లేత చిగుళ్ళు కనబడగానే జింకలు మేయడానికి వచ్చేవి. బావ పాత అలవాటు కొద్దీ రెండు చేతులూ నోటికి ఆనించి, మంచె మీది కేక వేసేవాడు.

“హోయ్... హోహోయ్!”

మా ఊళ్ళో ఆ కేకకు అడవి అడవంతా కదిలిపోయేది. ఇక్కడి జింకలు తలెత్తి చూసి, చెవులు రిక్కించి, ఇంకా దగ్గరికి వచ్చేవి. బావకు ఒళ్ళు మండి మరింత గట్టిగా అరిచేవాడు, అవి మరింత దగ్గరికి వచ్చేవి. కొన్ని వారాలకు గాని సంగతి అర్థం కాలేదు. అవి మనిషి చేతి మేత తిని పెరిగినవి, కేక అంటే భయమని వాటికి నేర్పినవాళ్ళు లేరు. పైగా బావ అరిచేది ట్యాంకరు వచ్చి తొట్లలో నీళ్ళు పోసే వేళకే, పచ్చగడ్డి మోపులు విప్పే వేళకే. కాబట్టి ఆ అరుపును అవి అన్నానికి పిలుపు అనుకున్నాయి. తరమడానికి వేసిన కేక పిలుపై కూర్చుందని తెలిశాక బావ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత నుంచి నిజంగా పిలవడానికే పిలిచేవాడు. జింకలు వరుసలోని సందుల్లో నుంచి ఒక్కొక్కటిగా వచ్చి చుట్టూ మూగేవి. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే ఆ విద్య చూపించి, మా అర్బాబ్‌కు కూడా రాదిది అని మీసం దువ్వేవాడు.

ఇక అసలు విషయం. బావ సెలవు నుంచి తిరిగొచ్చేసరికి మా చెల్లెకు మూడో నెల. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు. కొడుకు పుట్టాడని ఫోన్ వచ్చిన రోజున బావ అర్బాబ్ దగ్గరికి పోయి, వచ్చీ రాని అరబ్బీలో సెలవు అడిగాడు. అర్బాబ్ సంతోషించాడు, మిఠాయి డబ్బా ఇచ్చాడు, బావ భుజం తట్టాడు. తర్వాత మోకాలెత్తున్న మొక్కల వైపు చెయ్యి చూపి, మాతో మాట్లాడే ఆ ముక్కలు ముక్కల అరబ్బీలో అన్నాడు.

“శజర్ ఫోగ్, సయ్యారా మాఫీ షూఫ్, ఇంతా రూహ్ బలద్.”

చెట్లు పైకి రావాలి, కారు కనిపించకూడదు, అప్పుడు నువ్వు ఊరికి పో అని దాని అర్థం. అందులో దబాయింపు లేదు. ఫారం పని మధ్యలో వదిలితే మొక్కలు ఎండిపోతాయని అతని భయం. కాని ఆ రోజు నుంచి బావ ప్రాణం ఆ చెట్ల కొసల్లో వేలాడింది. చంటివాడి మొహం చూడటానికీ, చూడకుండా ఉండటానికీ మధ్య ఉన్నదల్లా అర్బాబ్ ల్యాండ్ క్రూజర్ కారు ఎత్తు.

పొద్దున లేస్తే ముందు చెట్ల దగ్గరికే పోయేవాడు. ఆకులకు దుమ్ము పడితే తడిగుడ్డతో తుడిచేవాడు. అట్లా తుడిస్తే పెరుగుతాయా అని నేను వెక్కిరిస్తే, పిల్లలకు తానం పోస్తె పెరుగుతలేరా అనేవాడు. అప్పటికి ఫోన్లో మొహాలు చూసుకునే సౌకర్యం మా ఎడారి దాకా రాలేదు, మాట వినబడటమే గగనం. ఒక మట్టిదిబ్బ ఎక్కితే సిగ్నల్ దొరికేది. శుక్రవారం ఆ దిబ్బ మీద నిలబడి కొడుకుతో మాట్లాడేవాడు. మాట్లాడటం ఏముంది, పసివాడికి మాటలా? చిన్నోడా, ఓ చిన్నోడా అని మంచె మీది గొంతుతోనే పిలిచేవాడు. ఫోన్ లేకుండానే జగిత్యాలకు వినబడుతుందని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆ గొంతు వినగానే వాడు పాలు తాగడం ఆపి ఫోన్ వైపు తిరుగుతున్నాడనీ, కొన్నాళ్ళకు పాక్కుంటూ ఫోన్ దగ్గరికి వస్తున్నాడనీ చెల్లె చెప్పేది. అది విన్న రోజున బావ తిండి కూడా మరిచిపోయేవాడు.

మరుసటి ఎండాకాలం గడిచాక అర్బాబ్ పరీక్షకు వచ్చాడు. తాను చెట్లకు అవతల జింకంత ఎత్తులో గొంతుకూర్చుని, డ్రైవరును బాట వెంట కారు నడపమన్నాడు. ఆకుల పైన కారు తెల్లటి టాపు జారుకుంటూ పోవడం మా ముగ్గురికీ కనిపించింది. అర్బాబ్ నవ్వి, బాగుంది, ఇంకొంచెం అన్నాడు. బావ అక్కడే ఇసుకలో కూలబడిపోయాడు.

“నన్ను మించినయ్ బావా, నిన్ను మించినయ్. గా కారుకు గంత ఎత్తెందుకు? జెర గాలి తీసేస్తె ఒంగదా?”

టైర్లలో గాలి తీసినా కారు జానెడు కూడా దిగదని చెప్పలేక, చెట్లకు ఇంకో పికప్ ఎరువు తెద్దాం పద అన్నాను.

చలి మొదలయ్యేసరికి చెట్లు మూసుకున్నాయి. కారు అటు నుంచి ఇటు పోయినా జింకలు మెడ తిప్పలేదు. వరుసల నీడన పడుకుని నెమరు వేస్తూ, మేము ఒంటి మీద చెయ్యి వేసినా లేవనంత నిమ్మళంగా ఉండేవి. అర్బాబ్ మాట తప్పలేదు. బావకు టికెట్ తీయించాడు. ప్రయాణం శనివారం, దాని ముందురోజు శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక స్నేహితులతో వేటకు వచ్చాడు.

ఆకుల చాటున చాపలు పరిచారు, గహ్వా అనే వాళ్ళ కాఫీ ఫ్లాస్కులు పెట్టారు, తుపాకులు సర్దుకున్నారు. అంతా అనుకున్నట్టే ఉంది, ఒక్క జింకలు తప్ప. బెదురు పోయిన జంతువు కదలదని ఎవరూ ఆలోచించలేదు. అవి దూరంగా అవతలి గదిలో రేగుచెట్ల కింద హాయిగా పడుకుని ఉన్నాయి. తుపాకులతో కొత్తవాళ్ళు అటు నడిస్తే లేచిపోతాయి, ఇక్కడ కూర్చుంటే రావు. ఎండ వాలుతోంది, అతిథులు గడియారాలు చూసుకుంటున్నారు. అప్పుడు అర్బాబ్‌కు బావ విద్య గుర్తొచ్చింది. చిన్నపిల్లవాడిలా మొహం వెలిగిపోగా, చేతులు రెండూ నోటి దగ్గర పెట్టి చూపించి, పిలువు, యల్లా, కానియ్ అన్నాడు.

బావ నా వైపు చూశాడు. బెదిరింపు లేదు, బలవంతం లేదు. టికెట్ అప్పటికే బావ జేబులో ఉంది. కాని పాస్‌పోర్టు అర్బాబ్ ఇంట్లో ఉంది, పొద్దున అతనే చేతికివ్వాలి. ఆ సంగతి అతనికి గుర్తుందో లేదో గాని మాకు గుర్తుంది. బావ చేతులు పైకి లేచాయి. మంచె మీది కేక వేశాడు.

“హోయ్... హోహోయ్!”

అవి లేచాయి. చెవులు రిక్కించాయి. గడ్డి పెడతారని, నీళ్ళు పోస్తారని, మేము నాటిన వరుసల సందుల్లో నుంచి ఒక్కొక్కటిగా, తొందర కూడా లేకుండా, ఎప్పటిలాగే బావ దగ్గరికి నడిచి వచ్చాయి. కంచే చేను మేసిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. తుపాకులు పేలాక కూడా ఒక జింక మాత్రం పారిపోలేదు, అక్కడే నిలబడి బావ మొహంలోకి చూసింది.

ఆ సాయంత్రం అర్బాబ్ ఇంటి నుంచి పెద్ద పళ్ళెం నిండా అన్నమూ మాంసమూ మాకు వచ్చింది. తినకుండా దండం పెట్టామని రాస్తే బాగుంటుంది, కాని తిన్నాం. పొద్దుటి నుంచి పస్తున్నాం, కూర కూడా బాగుంది. బావ కూడా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, పెట్టె సర్దుకున్నాడు. పొద్దున అర్బాబ్ తానే పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చి, పిల్లవాడికని బట్టలు కూడా చేతిలో పెట్టాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని ఎన్నోసార్లు ప్రయత్నించాను గాని నాకు చేతకాలేదు.

బావ మళ్ళీ తిరిగి రాలేదు. ఊళ్ళో ఏమైందో తర్వాత చెల్లె చెప్పింది. ఇంటికి చేరినప్పుడు పిల్లవాడు నడుస్తున్నాడు, కొత్త మనిషిని చూసి జడుసుకుని ఆమె కొంగు చాటుకు పోయాడు. నువ్వు ఫోన్లో పిలిచినట్టు పిలువు, నీ గొంతు వాడికి తెలుసు, ఉరికి వస్తాడు అని చెల్లె ఎంత చెప్పినా బావ నోరు తెరవలేదట. అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడట. అలా ఆ పూటా, మరునాడూ, ఆ మరునాడూ కూర్చోగా కూర్చోగా, ఏ ఘడియనో వాడే మెల్లగా వచ్చి మోకాలు పట్టుకున్నాడట.

ఇప్పుడు కాలం మారిపోయింది. ఈ కాంపౌండులో పనిచేసే పిల్లలు అన్నం తింటూ పెళ్ళాంబిడ్డల మొహాలు చూసుకుంటున్నారు, సెలవుకు అడ్డం నిలిచేందుకు చెట్లు కూడా లేకుండా పోతున్నాయి. ఆ ఫారం ఎవరి చేతికి పోయిందో తెలియదు. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను, ఎందుకున్నానని అడిగితే అలవాటైపోయిందని తప్ప చెప్పలేను. మొన్న ఫోన్లో చూస్తే మా మేనల్లుడికి మీసాలు వచ్చాయి, కాలేజీకి పోతున్నాడు. వెనక వాకిట్లో బావ కనిపించాడు, జుట్టంతా పండిపోయింది. అన్నానికి కొడుకును కేకేయమని లోపలి నుంచి చెల్లె అంటోంది. బావ కేకేయలేదు. వాకిలంతా దాటి, కొడుకు దగ్గరి దాకా నడిచి వచ్చి, వాడి భుజం మీద చెయ్యి వేశాడు.