కిటికీ దగ్గర పెద్దమ్మ

గది లోపలి చీకటినీ కిటికీ బయటి ఎండనూ ఒకే ఫొటోలో పట్టడం కష్టం. లోపలివాళ్ల ముఖాలు కనిపిస్తే బయటంతా తెల్లగా అయిపోతుంది. అడవి కనిపిస్తే లోపలంతా నల్లగా మిగులుతుంది. అందుకే కెమెరాను స్టాండుకు బిగించి, వెలుగు మార్చుకుంటూ మూడుసార్లు తీసి, ఆ మూడింటినీ కంప్యూటర్‌లో కలుపుతారు. ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం చేసుకునే నాకు ఇదో పిచ్చి.

భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట మా పెద్దమ్మ ఊరు. అక్కడి పెంకుల చర్చిని కూల్చి స్లాబుది కడుతున్నామని, కొత్తదాంట్లో పెట్టడానికి పాతదాని ఫొటో తీయమని నన్ను పిలిచారు. ఇన్నేళ్లూ ఆ చర్చిని ఊడ్చి చాపలు పరిచింది పెద్దమ్మే. ఫొటోలో ఇంకేమున్నా లేకపోయినా ఆమె ఉండి తీరాలనుకున్నాను.

ప్రార్థన కాగానే, మూడుసార్లు నొక్కేదాకా కదలొద్దని అందరికీ చెప్పాను. కానీ మొదటి చప్పుడుకే కిటికీ కింద కూర్చున్న పెద్దమ్మ లేచింది. ప్రార్థన ముగిస్తే కిటికీలు మూయాలి, లేకపోతే కానుకగా తెచ్చిన అరటిపళ్ల కోసం కోతులు దూరతాయి. అది ఆమె పని. రెండో ఫొటోలో సగం లేచి ఉంది, మూడోదానికి అటు తిరిగి కిటికీ తలుపు పట్టుకుంది. ఎప్పటిలాగే ఆమెను చూసి అందరూ లేచి చాపలు చుట్టేశారు. సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని నేనూ మళ్లీ తీయకుండా ఊరుకున్నాను. ఆ వారమే చర్చిని కూల్చేశారు.

మనిషి కదిలిన ఫొటోలను ఎలా కలపాలని తెలిసిన ఫొటో స్టూడియో అతన్ని అడిగితే నవ్వాడు.

"గింత దానికి పరేషాన్ ఏందక్కా? ఫోన్ యాప్‌ల ఏస్తే జల్దీ అయిపోతది."

వేశాను. చర్చి గోడలు పెళ్లి ఫ్లెక్సీలా మెరిశాయి. పెద్దమ్మ మాత్రం మూడు చోట్ల పలచగా, పొగలా కనిపించింది. తర్వాత కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టుకున్నాను. రంగులు బుద్ధిగా ఉన్నాయి. కదిలినవాటిని తీసేయాలా అని అడిగితే సరే అన్నాను. కిటికీ కింద ఖాళీ చాప మిగిలింది. అన్నేళ్లు ఊడ్చిన మనిషిని అది ఒక్క నొక్కుతో ఊడ్చేసింది. నాకు ఒళ్లు మండింది.

ఇక చేత్తోనే చేద్దామని కూర్చున్నాను. మూడు ఫొటోలనూ ఒకదానిమీద ఒకటి పేర్చి, పైదాన్ని అక్కడక్కడా చెరిపితే కిందిది బయటపడుతుంది. నెమ్మదైన పని, కానీ ఎంత సరదాగా ఉందో! కిటికీలోంచి అడవి ఒక ఫొటోది, పెంకుల కింది వాసాలు ఇంకోదానివి. ఎక్కడ ఎంత చెరపాలో నా ఇష్టం. చివరికి ఒక్కటే తేలలేదు: మూడింట్లో ఏ పెద్దమ్మను ఉంచాలి? ముఖం కనిపిస్తుంది కదా అని కూర్చున్న ఆమెను ఉంచాను.

కళ్లు చూపించుకోవడానికి ఖమ్మం దవాఖానాకు వచ్చినప్పుడు ఆమెకు చూపించాను. మిగతా రెండూ చూపించమంది. మూడోదాని దగ్గర వేలు పెట్టింది.

"గిది పెట్టు బిడ్డా."

"అందులో నీ మొకం కనబడదు పెద్దమ్మా. నువ్వని ఎవరికి తెలుస్తుంది?"

"నేను గట్ల ఊకె కూసున్నది ఎవ్వరు సూశిర్రే? గిది పెట్టు."

నాకు మనసొప్పలేదు. అయినా ఆమె చెప్పిందే పెట్టాను, ఎవరూ ఆమెను గుర్తుపట్టరేమోనని భయపడుతూనే.

కొత్త చర్చి కిటికీలకు ఇనుప జాలీలు బిగించారు. కోతుల బెడద లేదు, మూసే పనీ లేదు. మొదటి ఆదివారం పెద్దమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక మూల కూర్చుంది. ప్రార్థన అయిపోయినా ఎవరూ లేవలేదు. పాస్టర్ గారు వెళ్లొచ్చని చెప్పినా అటూ ఇటూ చూసుకుంటున్నారు. అప్పుడు నా పక్కన కూర్చున్నావిడ గోడ మీది ఫొటో వైపు చూసి, చాప చుట్టడం మొదలుపెట్టింది.

"లేవుర్రి, ఆమె కిటికీ మూస్తనే ఉన్నది."