రేకులు తియ్యని ఎర్ర సైకిలు

ఒక్క మాటకి అర్థం తెలియక మా అన్నయ్య బతుకు అలా అయిపోయిందని మా ఇంట్లో అందరూ అనేవాళ్ళు. పాతికేళ్ళు నేనూ వాళ్ళతో పాటు తల ఊపాను. మాట సంగతి నిజమే. కానీ దాని వెనక నా నిర్వాకం ఒకటుంది. దాన్ని ఇప్పుడైనా రాయకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

అది డెబ్బై నాలుగు. నాన్న రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. కాలనీలో మా వరసలో పన్నెండు క్వార్టర్లు. సగానికి పైగా తెలుగువాళ్ళే, దాదాపు అందరూ ఫిట్టర్లే. నాకు పదిహేనేళ్ళు, అన్నయ్యకి ఇరవై నాలుగు. డిగ్రీ గట్టెక్కినా వాడికి ఉద్యోగం దొరకలేదు. వాడికి వచ్చిందల్లా సైకిలు తొక్కడం. ఎవరిదో ఒకరి బండి అడిగి తీసుకుని పొద్దున్నే తెలీబంధా చెరువు దాకా వెళ్ళి, మేము పళ్ళు తోముకునేలోపు తిరిగొచ్చేవాడు.

ఆ ఏడు వానాకాలం చివర్లో కాలనీ క్లబ్బు గోడ మీద హిందీలో ఒక నోటీసు అంటించారు. సైకిలు పోటీ. మొదట వచ్చిన ఇద్దరినీ డివిజను జట్టులోకి తీసుకుంటారు. జట్టులో చేరినవాడికి రైల్వేలో ఉద్యోగం వచ్చినట్టే. వచ్చే ఏడాదికి అన్నయ్య వయసు దాటిపోతుంది కాబట్టి వాడికి ఇదొక్కటే అవకాశం. దారి కూడా నోటీసులో రాశారు. టాటీబంధ్ నుంచి బయలుదేరి పక్కీ సడక్, ముర్రం, కన్హార్ మీదుగా మళ్ళీ టాటీబంధ్‌కి రావాలి.

పక్కీ సడక్ అంటే తారు రోడ్డు. ముర్రం అంటే ఎర్ర గులక నేల, అది మా కాలనీ నిండా ఉంది. కన్హార్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. నేనూ అన్నయ్యా ఇక్కడే పుట్టాం, హిందీ గడగడా మాట్లాడేవాళ్ళం. కానీ మాది బజారు హిందీ, బడి హిందీ. పొలాల మాటలు మాకెక్కడ వస్తాయి?

"ఊరి పేరయ్యుంటుందిరా. ఖారున్ నది పక్కన ఏదో గావ్ ఉంటుంది" అని నాన్న తేల్చేశాడు.

పోటీ కోసం సైకిలు కొనాలని నిర్ణయమైంది. నాన్న, అన్నయ్య, వెనకాల నేను, ముగ్గురం బజార్లో షాపుకి వెళ్ళాం. షాపతను రెండు బండ్లు బయటికి తీశాడు. ఒకటి నల్లది, బరువైంది, లావు టైర్లు, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పిడికిలి పట్టేంత సందు. పాలవాళ్ళు క్యాన్లు తగిలించుకుని తిరిగే రకం. రెండోది ఎర్రది. సన్న టైర్లు, వంగిన హ్యాండిలు, అద్దంలా మెరిసే స్టీలు మడ్‌గార్డులు. దాన్ని చూడగానే నాకు మతి పోయింది.

అన్నయ్య చాలాసేపు నల్లదాని దగ్గరే నిలబడ్డాడు. ముర్రం మీద సన్న టైరు జారుతుందని గొణిగాడు. నాన్న మాత్రం వంగి ఎర్రదాని టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు పెట్టి చూశాడు. వేలు దూరలేదు.

"చూశావా, ఎంత టైట్‌గా ఉందో! ఫిట్టింగ్ అంటే ఇదీ" అన్నాడు. ముప్పై ఏళ్ళు బోల్టులు బిగించిన మనిషి, సందు కనిపిస్తే తప్పనే అనుకుంటాడు.

"భయ్యా, కన్హార్ ఎలాంటి ఊరు? అక్కడ రోడ్డు బావుంటుందా?" అని అన్నయ్య షాపతన్ని హిందీలో అడిగాడు. అతను పట్నం మనిషి. "హోగా కోయీ గావ్", ఏదో ఊరై ఉంటుందిలే, అనేసి పంపు తుడుచుకున్నాడు.

అప్పుడు నేను అన్నయ్య చొక్కా పట్టుకుని లాగాను. "ఎర్రది తీసుకో అన్నయ్యా. నీకు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే నాకు కాలేజీకి ఉంటుంది కదా!" అన్నాను. మెట్రిక్ తర్వాత నా చదువు ఆపేయాలని నాన్న అప్పటికే అనుకుంటున్నాడు. అంత దూరం ఆడపిల్లని రోజూ ఎవరు దింపుతారని ఆయన వాదన. కానీ చదువు కోసమే అడిగానని ఇప్పుడు అబద్ధం రాయను. ఆ మెరుపు కోసం అడిగాను. అన్నయ్య నా వైపు చూసి నవ్వాడు.

"సరేలేవే. ఉద్యోగం వస్తే బండి నీదే. పో" అన్నాడు. ఎర్రది ఇంటికొచ్చింది.

నెల రోజులు వాడు దాని మీద చెమటలు కక్కాడు. వాడు దిగగానే నేను ఎక్కేదాన్ని. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కడం దాని మీదే నేర్చుకున్నాను. రోజూ పాత బనీనుతో మడ్‌గార్డులు తుడిచి, వాటిలో నా మొహం చూసుకుని మురిసిపోయేదాన్ని. ఛీ, తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పోటీకి మూడు రోజుల ముందు కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. రెండు రోజులు కురిసి, ముందురోజు పొద్దున తెరిపిచ్చింది. పాలతను ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు. సైకిలు తోసుకుంటూ కూడా కాదు, ఈడ్చుకుంటూ వచ్చాడు. చక్రాల నిండా నల్లటి మట్టి, గారెల పిండిలా ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంది. ఏమైందని అమ్మ సైగ చేసి అడిగింది. అమ్మకి హిందీ రాదు.

"కన్హార్ మాటీ ఆయ్ దాయీ, చక్కా లా ధర్ లేథే" అన్నాడు అతను. ఇది కన్హార్ మట్టమ్మా, చక్రాన్ని పట్టేసుకుంటుంది, అని.

అమ్మ ఆ మట్టిని వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఆమె పుట్టిల్లు గుంటూరు వైపు. "ఒరేయ్, ఇలా రా! కన్హార్ ఊరు కాదు, నీ మొహమూ కాదు! రేగడిరా ఇది, అచ్చం మా రేగడి!" అని కేకలేసింది. "వానకి తడిస్తే ఎడ్లబండే దిగబడేది మా ఊళ్ళో. ఆ చక్రాల మీద రేకులున్నాయే, వాటిలోకి ఈ మట్టి దూరిందంటే చక్రం ఇంక తిరగదు. ఇవాళే పీకి పారెయ్!"

మడ్‌గార్డుల్ని అమ్మ రేకులనేది. సైకిలెక్కని మనిషి, మా అందరి కంటే ముందు ఆమెకే విషయం తెలిసింది. అన్నయ్య మొహం పాలిపోయింది. "అవునమ్మా. బయటికెళ్ళొచ్చి సాయంత్రం తీసేస్తా" అన్నాడు.

రేకులు తీస్తే బండి బోడిగా ఉంటుంది. మళ్ళీ ఎవరు బిగిస్తారు? బోల్టులు తిప్పితే పెయింటు గీసుకుపోదూ? ఇవీ నా ఆలోచనలు. మధ్యాహ్నం అమ్మ నడుం వాల్చినప్పుడు నాన్న పెట్టెలోంచి పానా తీసి కందిపప్పు డబ్బాలో, పప్పు అడుగున దాచేశాను.

సాయంత్రం అన్నయ్య పెట్టె అంతా వెతికాడు. మంచాల కింద వెతికాడు. "పానా చూశావా?" అని నన్నడిగాడు. "నాకేం తెలుసు" అన్నాను. వాడు బయటికెళ్ళి కాసేపటికి ఖాళీ చేతుల్తో తిరిగొచ్చాడు.

"పర్లేదులే అమ్మా, ఎండ కాసిందిగా. రేపటికి ఆరిపోతుంది" అన్నాడు.

"ఎండ కాస్తే ఇంకా జిగురెక్కుతుందిరా వెధవా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

మర్నాడు టాటీబంధ్‌లో లారీలు ఆగే చోట జనం మూగారు. నాన్న ఎవరినో అడిగి తెచ్చిన సైకిలు క్యారియరు మీద కూర్చుని నేనూ వెళ్ళాను. బయలుదేరినప్పుడు అన్నయ్యే అందరికంటే ముందున్నాడు. తారు రోడ్డు మీద ఆ ఎర్ర సైకిలు దూసుకుపోతుంటే నాన్న నా భుజం నొక్కి, "అయిపోయింది, కొట్టేశాడు!" అన్నాడు. ఆ మాటతో నా భయం కూడా పోయింది.

మొదట తిరిగొచ్చింది ఒక పల్లెటూరి కుర్రాడు. నల్ల సైకిలు, దానికి మడ్‌గార్డులు లేవు. తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత ఆరుగురో ఏడుగురో. నాన్న లెక్కపెట్టడం మానేశాడు. అన్నయ్య చివర్లో వచ్చాడు. నడుచుకుంటూ వచ్చాడు. సైకిలు వాడి భుజం మీద ఉంది. మోకాళ్ళ దాకా నల్లటి మట్టి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను పరిగెత్తుకెళ్ళాను. వెళ్ళి ముందు సైకిలు వైపు చూశాను. వాడి వైపు కాదు, సైకిలు వైపు.

వాడు దాన్ని మెల్లగా కిందికి దించాడు. "గీత పడలేదే, చూసుకో" అన్నాడు.

వారం తర్వాత నేను పానాని పెట్టెలో పెట్టేశాను. నాన్న చూసి, "ఇదెక్కడ దొరికింది?" అన్నాడు. "నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయాను నాన్నా" అన్నాడు అన్నయ్య. మిగతా అందరూ కన్హార్ అనే మాటని తిట్టుకున్నారు. ఊరనుకున్నాం, ఊరనుకున్నాం అని నాన్న ఎన్నేళ్ళు అన్నాడో.

ఎర్ర సైకిలు అన్నయ్య నాకు ఇచ్చేశాడు. ఉద్యోగం రాకపోయినా ఇచ్చేశాడు. దాని మీద కాలేజీకి వెళ్ళాను, టీచరునయ్యాను, నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను. అన్నయ్య టాటీబంధ్‌లోనే ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లారీలకి చిట్టీలు రాసే పనిలో చేరాడు. పోటీ మొదలైన చోటికీ వాడి కుర్చీకీ మధ్య రోడ్డు ఒక్కటే. ఇరవై మూడేళ్ళు ఆ పొగలో, ఆ దుమ్ములో కూర్చున్నాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. తొంభై తొమ్మిదిలో, ఎండాకాలం రాకముందే పోయాడు. నలభై తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు.

పోవడానికి రెండు నెలల ముందు, దేవేంద్ర నగర్‌లో వాళ్ళ అద్దె ఇంటికి వెళ్ళాను. వాణ్ణి వరండాలో ఎండలో కూర్చోబెట్టారు. వదిన టీ ఇచ్చి లోపలికెళ్ళింది. ఇక దాచుకోలేకపోయాను.

"అన్నయ్యా, ఆ రోజు పానా పోలేదు. నేనే దాచాను. పప్పు డబ్బాలో."

వాడు నవ్వాడు. నవ్వితే దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా వీపు రాశాను.

"పప్పు డబ్బా అని తెలీదు. దాచింది నువ్వేనని తెలుసు."

"ఎలా తెలుసు?"

"పిచ్చిదానా, వరసలో పన్నెండిళ్ళు, అంతా ఫిట్టర్లు. మన కాలనీలో పానాకి కరువా? పక్కింటి బాబాయిని అడిగితే తెచ్చి చేతిలో పెట్టాడు. తీసుకుని వెనక్కి తిరిగాను. మన గుమ్మంలో నువ్వు నిలబడి ఉన్నావు. మొహం ఇంతైపోయింది. అప్పుడర్థమైంది."

ఇరవై నాలుగేళ్ళలో నాకు ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. "అయితే ఏం చేశావు?" అన్నాను.

"ఏం చేస్తాను? బాబాయి పానా బాబాయికి ఇచ్చేశాను. కాళ్ళల్లో సత్తువుంది కదా, లాగేస్తాలే అనుకున్నా."

నేను భోరుమన్నాను. "నన్నొక్కటి పీకి, ఆ రేకులు తీసి పారేయాల్సింది కదా! నీ పోటీ కదా అది!"

వాడు టీ గ్లాసు నా వైపు జరిపాడు.

"పోటీ నాది. బండి నీది కదే" అన్నాడు.