నర్సవ్వ బర్రెలు తొక్కిన కుంట

ఈ వేసవికి కొన్న కొత్త కుండ అడుగున చెమ్మ దిగి గచ్చు తడిసింది. తుడుద్దామని వంగితే తడిమట్టి వాసన తగిలింది. నర్సవ్వ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

నిజాం పాలన పోయిన కొత్తలో ఖానాపూర్ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. నర్సవ్వది మా పక్కిల్లు. బర్రెల పాలమ్ముకుని బతికేది. నోరు పెద్దది, పట్టుదల అంతకంటే పెద్దది. బెరుకుగా ఉన్న నన్ను నలుగురిలో కలిపింది ఆమే. ఊరి పశువులన్నిటికీ ఒక్కటే కుంట. ఎండాకాలం అది బురదై కంపు కొట్టేది. ఒక ఏడు నర్సవ్వ, "గీ బురదంత తీసేస్తె నీళ్లు జర ఎక్కువ నిలుస్తయి, మీ చేన్లకు ఎరువైతది" అంటూ ఇంటింటికీ తిరిగింది. ఆమె మాట కాదనేదెవరు? ఎర్రటి మొరం తేలేదాకా గీకి బండ్లకెత్తారు. వానలకు కుంట నిండింది గానీ, ఎండలు ముదరకముందే అడుగంటింది. కంపు కొడుతోందని తీసేసిన ఆ బురదే ఇన్నాళ్లూ నీళ్లు ఇంకిపోకుండా ఆపిందని అప్పుడు తెలిసింది.

గట్టు మీద జనం ఎండను తిట్టుకుంటుంటే నర్సవ్వ ముందుకొచ్చింది.

"ఎండనెందుకు అంటరు? తప్పు నాది. మొరం దాక గీకిపిచ్చింది నేనే."

అంత నోరున్న మనిషి గొంతు ఆ మాట దగ్గర సన్నబడింది.

తన చేని నల్లరేగడిని బండ్లతో తోలించి కుంట అడుగున పరిపించింది. బావినీళ్లు చల్లి, బర్రెలను దింపి, చుట్టూ తిప్పుతూ తొక్కించింది. నేనూ వెంట నడిచాను.

"బర్రెలు అలసినయి పెద్దవ్వా, జర ఆగుదాం" అన్నాను.

"వాటి కాలు పడితెనే మట్టి బిగుస్తది బిడ్డా. నీళ్లు నిలిచినంక పొద్దంత అండ్లనే పండుకుంటయి తియ్యి."

కుంట అడుగు బిగిసింది. ఈలోగా బావి కూడా ఎండిపోయింది. పశువులకు తాగనీకి నీళ్లు దొరకలేదు. మట్టి తొక్కి అలిసి, డొక్కలెండిన తన బర్రెలను చూడలేక నర్సవ్వ వాటిని నిర్మల్ అంగడికి తోలి అమ్మేసింది. ఆ రోజు ఖాళీ కొట్టం ముందు కూర్చుని అన్నం ముట్టలేదు.

మరుసటేడు ఎండలు మండిపోతున్నా కుంటలో నీళ్లున్నాయి. ఊరి పశువులు హాయిగా మునిగి పడుకున్నాయి. నర్సవ్వ అలవాటుగా కర్ర పట్టుకుని గట్టు మీద చాలాసేపు నిలబడింది.

"నిలిచినయి బిడ్డా" అని ఇంటికి పోయింది.

తొక్కిన బర్రెలు మాత్రం ఆ నీళ్లలో ఒక్కనాడూ పడుకోలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇంట్లో ఏది చెడినా "తప్పు నాదే" అనే మాట నా నోటికి ముందొస్తుంది. అంత తొందరెందుకమ్మా అని పిల్లలు నవ్వుతారు. నవ్వనిస్తాను. ఆ మాట వెనక ఒక ఖాళీ కొట్టం ఉందని వాళ్లకు తెలియదు.