యాప్రాల్ ఎండుగడ్డి

బొమ్మలు వేసుకుంటూ అడవిలో నెల్లాళ్లు ఉండొచ్చంటే విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్ వచ్చాను. యాప్రాల్ అవతల ప్రభుత్వ అడవిలో గది ఇచ్చారు. ఇన్నేళ్లూ సముద్రమే గీసిన నాకు, బండల మధ్య ఎండుగడ్డి రంగు దొరకడానికే మూడు వారాలు పట్టింది.

బొమ్మ సగంలో ఉండగా అడవికి కాపలా ఉండే యాదయ్య కొడవలితో వచ్చాడు.

"రేపు ఈ గడ్డంత కోస్తం బిడ్డా. అగ్గి అంటుకుంటే అడివి మిగలదు."

యాభై ఏళ్లదాన్ని, బిడ్డా అంటే నవ్వొచ్చింది. కోస్తామంటే ఏడుపొచ్చింది.

"రెండు రోజులు ఆగలేరా?"

"అగ్గి ఆగదు గద."

బొమ్మ తీసుకుని, కూర్చున్న స్టూలు అక్కడే వదిలేసి గదికి వచ్చేశాను.

మర్నాడు వెళ్లేసరికి నేలంతా బోడిగా ఉంది. స్టూలుకి ఎదురుగా మాత్రం, సరిగ్గా నా బొమ్మలో ఉన్నంత మేర గడ్డి నిలబడి ఉంది.

"నీ స్టూల్ మీద కూసొని చూసిన," అన్నాడు యాదయ్య. "నిన్న నీ బొమ్మల ఉన్నట్టే గీ బండకెల్లి గా బండ దాంక కనవడ్డది. చుట్టు కోసినం, ఫికర్ లేదు. జెర జల్ది వెయ్యి, నువ్వు లేచినంక అది సుత కోస్త."

సాయంత్రానికి బొమ్మ ముగించి లేచాను. ఆయన కొడవలి కింద పెట్టి, నా స్టూలు మీద కూర్చుని కాసేపు ఆ గడ్డినే చూశాడు. తర్వాత లేచి కోశాడు.