ఒక్క ఆదివారం, రెండు భోజనాలు

కరోనాకు ముందు ఏడాది, వానాకాలం బడులు తెరిచిన వారంలో, సూపరింటెండెంట్ సార్ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి ఒక కొత్త వాలంటీరును అప్పగించారు. అప్పటికి నేను సూరత్‌లోని డిండోలిలో, ఒక క్రైస్తవ మిషన్ నడిపే పిల్లల గృహంలో మేట్రన్‌ని. పదేళ్లు అక్కడే వంటమనిషిగా చేసి, ఆ తర్వాత మేట్రన్ అయ్యాను. నా చదువు ఐదో తరగతి.

మేట్రన్ అంటే ఏం పని అని ఇప్పటికీ అడుగుతుంటారు. సూపరింటెండెంట్ కాగితాలు చూస్తారు, మేట్రన్ తలలు చూస్తుంది. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి తలలు లెక్కపెట్టాలి. పేలు పడ్డాయేమో చూడాలి. జ్వరం ఉందేమో నుదురు పట్టి చూడాలి. అప్పుడు మా దగ్గర ముప్పై నాలుగు మంది ఆడపిల్లలు ఉండేవారు. ఎక్కువమంది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, మిల్లుల్లో పనిచేసే మన తెలంగాణ వాళ్ల పిల్లలే. తల్లి ఆస్పత్రిలో ఉండో, తండ్రి లేకనో, పిల్లల సంక్షేమ కమిటీ కాగితంతో మా దగ్గరికి వచ్చేవారు. ఇద్దరు ఆయాలు, ఒక వంటమనిషి, విదేశాల నుంచి వచ్చే వాలంటీర్లు మేట్రన్ చెప్పినట్టు వినాలి. వినేవారు కూడా.

ఈ వాలంటీర్లకు జీతం ఉండదు. వాళ్ల దేశంలో వాళ్ల చర్చి ఖర్చులు పెట్టుకుని ఆరు నెలలకు పంపుతుంది. దేవుని సేవ అని ఎంతో ఉత్సాహంగా దిగుతారు. మొదటి వారం పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దు చేస్తారు. రెండో వారం కడుపు చెడి మంచం పడతారు. ఎవరు పనికొస్తారో మూడో వారంలో తెలుస్తుంది. నెల నిండాక మేట్రన్ ఒక కాగితం రాసివ్వాలి, ఈ మనిషిని ఉంచవచ్చా, వెనక్కి పంపాలా అని. నా చేతిరాత మీద తెల్లవాళ్ల ప్రయాణాలు ఆధారపడి ఉండేవంటే మా చెల్లెలు ఇప్పటికీ నమ్మదు.

కొత్తగా వచ్చిన అమ్మాయి పేరు మార్తా. నార్వే అనే చలిదేశం. ఇరవై మూడేళ్లు ఉంటాయి, నిలబడితే మా వంటింటి గుమ్మానికి తల తగిలేది. తగిలింది కూడా, వారంలో నాలుగుసార్లు. ఐదున్నరకు లేచి, బకెట్‌లో సగం నీళ్లతో స్నానం ముగించి, పిల్లలను లేపి, జడలు వేసి, మున్సిపల్ బడి దాకా నడిపించడం ఆమె పని. మధ్యాహ్నం బట్టలు మడతపెట్టాలి. సాయంత్రం లెక్కలు చెప్పాలి, ప్రార్థనలో పాట అందుకోవాలి. పిల్లలు తిన్నదే తినాలి. ఏ ఒక్క పిల్లకూ విడిగా కానుక ఇవ్వకూడదు. ఫోటోలు తీయకూడదు.

వచ్చిన నాలుగు రోజుల్లోనే సబ్బు మొత్తం అరగదీసింది. ఆ సబ్బు మాకు నెల రావాలి. కుళాయి వదిలేసి పళ్ళాలు కడుగుతుంటే నేనే వెళ్లి కట్టేశాను. నాకొచ్చిన సూరత్ హిందీలో నాలుగు మాటలు అన్నాను. ఆమె తనకొచ్చిన కొద్దిపాటి హిందీలో సరే అంది. మర్నాటి నుంచి రెండు తొట్లలో నీళ్లు పట్టుకుని కడిగింది. చెప్పింది చెప్పినట్టు చేసేది. ఆమెతో చిక్కు వేరే చోట ఉంది. అబద్ధం ఆడటం రాదు. ఏనుగు బొమ్మ వేసి ఎట్లా ఉంది దీదీ అని పిల్ల అడిగితే, మిగతా వాలంటీర్లు బహుత్ అచ్ఛా అనేవారు. ఈమె కళ్లద్దాలు సవరించుకుని, ఒక కాలు తక్కువ ఉంది అనేది.

అన్నదానం సంగతి చెప్పాలి. సూరత్‌లో పుట్టినరోజు వచ్చినా, కొత్త దుకాణం తెరిచినా పిల్లల గృహంలో భోజనం పెట్టడం ఒక ఆచారం. దీనికి మేట్రన్ దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉంటుంది. రోజుకు ఒక గీత, గీత మీద ఒక పేరు. ఆ గీత నిండితే మరొకరిని వేరే రోజుకు రమ్మనాలి. నియమం అదే.

జులైలో ఒక ఆదివారం గీత మీద మల్లవ్వ పేరు ఉంది. మల్లవ్వది సిరిసిల్ల పక్క పల్లె. సూరత్‌లో ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుడుతుంది. చాలా ఏళ్ల కిందట ఆమె మొగుడు కాలు విరిగి ఆస్పత్రిలో పడితే, వాళ్ల పాప మూడు నెలలు మా దగ్గర ఉంది. ఆ పాపకు ఇప్పుడు నర్సింగులో సీటు వచ్చింది. ఆ మాట చెప్పడానికి వచ్చి మల్లవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"సుగుణక్కా, నా బిడ్డ మూడు నెలలు నీ చేతి బువ్వ తిన్నది. ఒక్క పూట గీ పోరగాండ్లు నా చేతి బువ్వ తినాలె. బగారన్నం, కోడికూర ఇంట్లనే వండి తెస్త. నువ్వు ఉత్తగ కూసోవాలె. గంటె ముట్టినవంటే ఊకోను."

సరేనన్నాను. ఆమె ఆ ఆదివారం కోసం లేసు పని పక్కన పెట్టింది, గిన్నెలు అద్దెకు తెచ్చుకుంది, పక్కింటివాళ్ల పొయ్యి కూడా మాట్లాడుకుంది.

శనివారం సాయంత్రం రింగ్ రోడ్ చీరల మార్కెట్ నుంచి ఒక సేఠాణీ, చీరల వ్యాపారి భార్య, ఫోన్ చేసింది. అత్తగారి పుట్టినరోజట. రేపు పొద్దున పదింటికి పూరీలు, శ్రీఖండ్ అనే తీపి పెరుగు తెచ్చి పిల్లలకు తినిపిస్తామంది. పదింటికి అంటే నాస్తా కొంచెం ఆలస్యం, అంతే కదా, ఒక పూట ఉప్మా రవ్వ మిగులుతుంది అనుకున్నాను. మల్లవ్వ పేరు పైన కొంచెం ఖాళీ కనబడితే అందులో ఇరికించి రాశాను. మార్తా పక్కనే ఉండి చూసింది. ఇక్కడ ఒకటే గీత ఉంది కదా అంది. వచ్చే అన్నాన్ని వద్దంటే పాపం, నువ్వు పోయి బట్టలు మడతపెట్టు అన్నాను. పోయి మడతపెట్టింది.

సేఠాణీ పదింటికి రాలేదు. ఇంట్లో పూజ అయ్యేసరికి ఆలస్యమైందట. పదకొండున్నరకు మూడు కార్లలో దిగారు. పిల్లలు అప్పటిదాకా ఏమీ తినకుండా కూర్చున్నారు, పూరీలు వస్తాయని నేనే ఉప్మా వండనివ్వలేదు.

సూరత్ వాళ్లు పెట్టే తీరు చూడనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. వడ్డించి ఊరుకోరు. ఎదురుగా కూర్చుని, తమ చేత్తో ముక్క తుంచి నోట్లో పెడతారు. చాలు అంటే మర్యాద అంటారు, వద్దు అంటే సిగ్గు అంటారు. "ఖావో బేటా, ఖావో! ఇంకొక్కటి! మా అత్తమ్మ పేరు మీద ఒక్కటి!" అని ఆ కుటుంబంలో తొమ్మిది మంది, ముప్పై నాలుగు మంది పిల్లల మీద పడ్డారు. ఒక్కో పిల్ల ఎన్ని పూరీలు మింగిందో నేను చూడలేకపోయాను. శ్రీఖండ్ గిన్నెలు మళ్లీ మళ్లీ నిండాయి.

సరిగ్గా పన్నెండున్నరకు వెనక గేటు దగ్గర మల్లవ్వ ఆటో ఆగింది. సన్నగా చినుకులు. గిన్నెల మూతల సందుల నుంచి కోడికూర వాసన గుప్పుమంటోంది. ఇక్కడ హాల్లో ఉల్లిపాయ కూడా ముట్టని కుటుంబం, అక్కడ గేట్లో మసాలా కోడి. నేను పరుగున వెళ్లాను.

"ఏందక్కా, తలుపు తీస్తలెవ్వు?"

"ప్రార్థన అయిపోలేదు మల్లవ్వా. జర ఆగు."

మిషన్ జీతం తింటూ ప్రార్థన పేరు మీద ఆడిన అబద్ధం అది. వెనక్కి తిరిగితే మార్తా నిలబడి ఉంది. కళ్లద్దాలు సవరించుకుంది.

నేను హాల్లోకి వెళ్లి సేఠాణీలను సాగనంపడానికి అన్ని ఉపాయాలూ చేశాను. పిల్లలకు నిద్రవేళ అన్నాను, వాన పెరుగుతోందన్నాను. ఎవరూ కదల్లేదు. ఇంతలో సేఠాణీ ముక్కు ఎగబీల్చి, ఇదేం వాసన అని పక్కనే ఉన్న మార్తాను అడిగింది. నేను కళ్లతో ఎంత సైగ చేసినా మార్తా చూడలేదు.

"ముర్గీ," అంది. అని, అర్థం కాలేదేమోనని రెండు చేతులూ రెక్కల్లా ఆడించి చూపించింది కూడా.

అరగంట నుంచి నా వల్ల కానిది రెండు నిమిషాల్లో అయిపోయింది. కొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని అందరూ కార్లెక్కారు. సేఠాణీ మాత్రం అద్దం దించి, "సుగుణాబెన్, ఇంకొకళ్లున్నారని చెప్తే నేను రేపు వచ్చేదాన్ని కదా," అంది. కోపంగా అనలేదు. అందుకే గుచ్చుకుంది.

ఇక మల్లవ్వను లోపలికి పిలవాలి. పిల్లలు చూస్తే గోడలకు జారగిలబడి ఉన్నారు. మార్తాను పిలిచి, మేడ మీద గదిలోకి తీసుకుపోయి డ్రిల్ చేయించు, ఇరవై నిమిషాలు, ఆపకుండా అన్నాను. ఎందుకు అని అడిగింది. అరగడానికి అన్నాను. తలూపి తీసుకుపోయింది. పైన ధన్ ధన్‌మని గంతుల చప్పుడు, కింద మల్లవ్వ ఆ చప్పుడు విని మురిసిపోవడం. పిల్లలు ఎంత హుషారుగున్నరో అంది. నేను చాయ్ పోసి ఆమె ముందు పెట్టాను.

ఒంటిగంటన్నరకు పిల్లలు వరసల్లో కూర్చున్నారు. మల్లవ్వ నడుముకు కొంగు బిగించి తనే వడ్డించింది. మామూలుగా కోడికూర అంటే మా హాల్లో మాటలు వినబడవు. ఆ రోజు వేళ్లతో అన్నం ఇటూ అటూ జరుపుతున్నారు. ఒక పిల్లకు వెక్కిళ్లు పట్టాయి. మల్లవ్వ వరస చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. గిన్నెలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది.

"ఉప్పు తక్కువైందా అక్కా?"

లేదన్నాను.

"కారమెక్కువైందా బిడ్డా?" అని రెండో తరగతి చదివే గంగను అడిగింది. ఆ పిల్ల సూరత్‌లోనే పుట్టింది, మాట్లాడితే మూడు భాషలు కలుస్తాయి. పిల్లలందరికీ నేను అమ్మమ్మను.

"కారం లేదు పెద్దమ్మా. అబ్బీ పూరీ, శ్రీఖండ్ బహుత్ తిన్నం. పేట్ ఫుల్. అరగాలె అని అమ్మమ్మ మమ్మల్ని ఊపర్ ఉరికిచ్చింది. ఇంకా అరగలే."

మల్లవ్వ గంటె కింద పెట్టింది.

"ప్రార్థనంటివి గదా సుగుణక్కా. పూరీల ప్రార్థనా?"

ఆయాలు నేల చూస్తున్నారు. నేను మేట్రన్ అయ్యాక ఎవరికీ క్షమాపణ చెప్పింది లేదు, చెప్పించుకోవడమే అలవాటు. ఆ రోజు అందరి ముందు, తప్పు నాది మల్లవ్వా, రెండు పేర్లు రాసుకున్నాను, ఒక పూట రవ్వకు ఆశపడ్డాను అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది. గిన్నెలు ఎత్తుకుని వెళ్లిపోతుందనే అనుకున్నాను. వెళ్లిపోయి ఉంటే ఆ బాధ తీర్చే దారి నా దగ్గర ఏదీ ఉండేది కాదు.

"ఎత్తుండ్రి పళ్ళాలు," అంది. "ఆకలి లేనోళ్లకు పెట్టుడేంది? గది పెట్టుడు కాదు, కుక్కుడు. గీళ్లకు మల్లెప్పుడు ఆకలైతదో చెప్పు."

ఎప్పుడు అవుతుంది? నాకు బెల్లు వేళలు తెలుసు. ఎనిమిది, ఒంటిగంట, ఏడున్నర. మార్తా నన్ను దాటి ముందుకు వచ్చి, నాలుగున్నరకు అంది. ఆదివారం నాలుగున్నరకు మొదట చిన్నపిల్లలు వంటింటి గుమ్మం దగ్గర తిరుగుతారట, ఐదింటికి పెద్దపిల్లలు వస్తారట. బట్టలు మడతపెట్టే చోటు నుంచి ఆ గుమ్మం కనబడుతుంది. నెల రోజులుగా ఆమె అది చూస్తోంది. పదేళ్లు ఆ గుమ్మం లోపల నిలబడి వండిన నేను, పోండి పోండి, ఇంకా బెల్లు కాలేదు అని వాళ్లను తరిమేదాన్ని.

"అయితే గప్పటిదాన్క నేనేడికి పోత?" అని మల్లవ్వ చెప్పులు విడిచి కూర్చుంది.

పళ్ళాల్లో వడ్డించినది నేను పారేయనివ్వలేదు. పిల్లల ఎంగిలికి దోషం లేదని నేనే తేల్చి చెప్పి, ఆయాలను, వంటమనిషిని, మార్తాను కూర్చోబెట్టాను. తలా ఏడు పళ్ళాలు వచ్చాయి, మిగిలినవి నాకు. మార్తా ముక్కు కారుతున్నా ఆపకుండా తింది. గిన్నెల్లో ఉన్న కూర చెడిపోకుండా రెండుసార్లు మరిగించాం. సిలిండరు సంగతి నేను ఎత్తలేదు. మల్లవ్వ ఒక పిల్ల తల ఒళ్లో పెట్టుకుని పేలు చూసింది, మార్తాకు సన్నదువ్వెన పట్టే పద్ధతి దిద్దింది, నేల మీద గళ్లు గీసి అష్టాచెమ్మ ఆడింది. ఆటలో ఆమె దొంగపందెం వేస్తే పిల్లలు పట్టుకుని గోల చేశారు.

నాలుగున్నరకు ఇద్దరు వచ్చారు. కాసేపటికి ఎనిమిది మంది. మల్లవ్వ లేవలేదు.

"పెద్దమ్మా, వాసనొస్తుంది."

"రానీ."

"పెద్దమ్మా, భూక్ లగీ."

"ఇంకొకసారి గట్టిగ చెప్పు. మీ అమ్మమ్మకు ఇనబడాలె."

ముప్పై నాలుగు మందీ ఒక్క గొంతుతో అరిచారు. అప్పుడు లేచి వడ్డించింది. గంగ మూడుసార్లు పెట్టించుకుంది. గిన్నె అడుగు గీకిన చప్పుడు అయ్యాకే మల్లవ్వ చెయ్యి కడుక్కుంది. పోతూపోతూ, "వచ్చే యేడు గూడ గిదే ఆదివారం రాసిపెట్టు. నా పేరు పైన జాగ ఉంచకు," అంది.

సోమవారం నేనే సూపరింటెండెంట్ సార్‌కు జరిగింది చెప్పాను. నా ఉద్యోగంలో మొదటి మెమో అప్పుడు వచ్చింది, అదే చివరిది. సంతకం పెట్టి తీసుకున్నాను. మార్తా కాగితం మీద ఉంచవచ్చు అని రాశాను. కారణం రాసే చోట, ఈమె చూస్తుంది అని రాశాను. సార్ అది చదివి కింద సంతకం పెట్టారు.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా ఎవరు భోజనం పెడతామని వచ్చినా, వాళ్లకు వీలైన వేళ ఏదని నేను అడగలేదు. పిల్లలకు ఆకలయ్యే వేళ చెప్పి, వీలైతే అప్పుడు రమ్మన్నాను. కొందరు నొచ్చుకున్నారు, కొందరు రావడం మానేశారు. ఎవరూ రాని రోజుల్లో ఉప్మా వండాం.